ఆకాశంలో లూప్ లైను

మస్కట్ నుంచి గొలుసు తేలేదని రత్నమాల మొగుణ్ణి గుమ్మంలోంచే వెళ్లగొట్టిందట. మా కిరండూల్ రైల్వే క్వార్టర్లలో ఎవరి నోట విన్నా ఇదే. బజారులో చింతపండు అమ్మే మంగి కూడా నన్ను ఆపి అడిగింది. గొలుసు తెచ్చాడమ్మా, డబ్బా నేను కళ్లారా చూశాను అని చెప్పాను. జరిగింది వేరు.

రత్నమాల మా పక్కింటి పిల్ల, గేట్‌మ్యాన్ యేసుపాదం కూతురు. తండ్రి పోయాక రైల్వేలో పని వచ్చింది, గ్యాంగుతో పాటు పట్టాల మీద కంకర సర్దుతుంది. మొగుడు సురేష్‌బాబు విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఇనుపరాయి గనిలో వెల్డింగు పనికి వచ్చినవాడు. పెళ్లయిన రెండేళ్లకు మస్కట్ వెళ్లాడు.

ఏటా సెలవుకు వచ్చేటప్పుడు విమానం ఎక్కేశానని ఫోన్ చేసేవాడు. ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ పలకదు. మూడో రోజు హైదరాబాదులో దిగాననేవాడు. అంత ఆలస్యం ఎందుకని మొదటిసారి రత్నమాల అడిగితే, మన లైనులో ఇనుపరాయి గూడ్సు కోసం ప్యాసింజరును స్టేషనులో పక్క పట్టా మీద, లూప్ లైనులో నిలబెట్టినట్టే, పైన సరుకు విమానాలు పోయేదాకా తమను పక్కన ఆపుతారని చెప్పాడు. అందరం నమ్మాం. పొద్దున్నే బండెక్కితే రాత్రికి గానీ విశాఖలో దిగని మనుషులం. ఆగిన చోటల్లా దిగి, టీ తాగి, మళ్లీ ఎక్కుతాం. సముద్రం అవతలి ఊరికి రెండు రోజులంటే తక్కువే అనుకున్నాం.

ఆ రెండు రోజులూ రత్నమాల ఉపవాస ప్రార్థనలో ఉండేది. ఆయన గాల్లో ఆగి ఉంటే నాకు ముద్ద ఎలా దిగుతుంది అనేది. ఉత్త మంచినీళ్లతోనే డ్యూటీకి పోయేది. నిరుడు ఎండలో కళ్లు తిరిగి పట్టాల మధ్య పడిపోతే గ్యాంగువాళ్లు మోసుకొచ్చారు.

ఈమధ్య కంటి ఆపరేషన్‌కని నేను జగదల్‌పూర్‌లో విమానమెక్కి హైదరాబాదు వెళ్లాను. నోరు మూసుకుని కూర్చునేదాన్ని కాదు కదా, క్రాసింగు ఎక్కడ పడుతుంది, వేరే విమానం పోయేదాకా మనల్ని ఎక్కడ ఆపుతారు అని పక్క సీటతన్ని అడిగాను. అతనూ మస్కట్‌లో పనిచేసేవాడే. ఆపితే కింద పడతాం కదమ్మా అని నవ్వాడు. హైదరాబాదు నుంచి మస్కట్‌కు రెండువేల పైచిలుకు కిలోమీటర్లట. మూడున్నర గంటల్లో దిగిపోతారట.

ఇంటికి రాగానే రత్నమాలకు చెప్పాను. ఆ నెలలోనే విమానం ఎక్కేశానని మొగుడి ఫోన్ వచ్చింది. ఈసారి ఆమె కూర్చుని అన్నం తింది.

అతను వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అడిగింది.

"మూడున్నర గంటలంట. మిగతా రెండు రోజులూ ఎక్కడున్నావు?"

అతను గొలుసు డబ్బా తీసి చేతికివ్వబోయాడు. ఆమె అందుకోలేదు. అడిగిందే మళ్లీ అడిగింది. హైదరాబాదులో ఇంకో మనిషి ఉందని, అక్కడ కూడా ఇల్లు నడుపుతున్నానని చివరికి ఒప్పుకున్నాడు. రత్నమాల అరవలేదు. అతని పెట్టె తీసి బయట పెట్టింది.

నాలుగు రోజులు పోయాక నేనుండబట్టలేక సూటిగానే అడిగాను.

"పట్టాల మీద పనిచేసేదానివి, పట్టాలే లేని చోట లూప్ లైనేటే? అదెలాగ నమ్మినావు?"

చేటలో బియ్యం ఏరుతూనే చెప్పింది.

"ఆయనకి మొదట లూప్ లైనంటే ఏటో తెలీదు పిన్నీ. చిన్నప్పుడు మా నాన్న నాకు చెప్పినవన్నీ, పెళ్లయిన కొత్తలో నేనే ఆయనకి చెప్పినాను. మా నాన్న మాటలే ఆయన నోట వింటే నమ్మకుండా ఎలాగుంటాను?"