గోవిందప్ప మీటరు, కుళ్ళాయమ్మ ముఖం

పొద్దున్నే స్నానం చేసి, కదిరి నరసింహస్వామి పటానికి దండం పెట్టుకుని, గోవిందప్ప అరచేతిలో ఇమిడే మీటరును కళ్ళకద్దుకునేవాడు. మగ్గం దగ్గర కూర్చునే ముందు వాళ్ళ నాయన నాడెను అలాగే అద్దుకునేవాడు. హిందూపురంలో టీవీలు బాగుచేసిన రోజుల్లో స్క్రూడ్రైవరుకు దక్కిన ఆ మర్యాద, పెనుకొండకు కాపురం మార్చి దుకాణాలకు కెమెరాలు బిగించడం మొదలుపెట్టాక మీటరుకు దక్కింది.

కెమెరాకు వైరు తగిలిస్తే, బొమ్మ ఎంత తేటగా ఉందో చెప్పే అంకె ఒకటి మీటరులో కనబడుతుంది. లెన్సు తిప్పేకొద్దీ అంకె పెరిగి, ఒకచోట తగ్గడం మొదలవుతుంది. ఎక్కువగా ఉన్నచోటికి వెనక్కి తెచ్చి బిగించాలి. మీటరు లేని కాలంలో నిచ్చెన మీద ఒకరు, టీవీ ముందు ఒకరు ఉండి, “ఇంకొంచెం... ఆగప్పా! దాటిపోయె, వెనక్కి తిప్పు!” అని అరుచుకునేవాళ్ళు.

అయితే ఒక జాగ్రత్త మనిషే పడాలి. ఎండ వెలుతురులో కెమెరా కన్ను చిన్నదైపోతుంది. అప్పుడు లెన్సు కాస్త తప్పినా బొమ్మ తేటగానే ఉంటుంది. పొద్దుగూకి ఆ కన్ను పెద్దదయ్యాకే తప్పు బయటపడుతుంది. అందుకని పగలు తిప్పేటప్పుడు, ఆ కన్ను రాత్రిలాగే పెద్దదయ్యేట్టు, వెల్డింగువాళ్ళ నల్లద్దం లెన్సుకు అడ్డం పెట్టాలి.

ధర్మవరంలో రామమూర్తి శెట్టి పట్టుచీరల దుకాణంలో కెమెరా బిగించిన రోజు గోవిందప్ప అద్దం పెట్టలేదు. పక్కనే బస్టాండులో పెనుకొండ మీదుగా పోయే హిందూపురం బస్సు హారన్ కొడుతోంది. వాకిట్లోంచి ఎండ లోపలికి పడుతోంది. మీటరు తొంభై చూపింది. “చాల్లే” అనుకుని దిగేశాడు.

పది రోజులకు శెట్టి ఫోన్ చేశాడు.

“ఏమప్పా గోవిందప్పా, నీ కెమెరా దొంగను పట్టిచ్చింది పో! వచ్చి చూద్దువు రా.”

గోవిందప్ప గర్వంగానే బస్సెక్కాడు.

దుకాణం మెట్టు మీద కుళ్ళాయమ్మ కూర్చుని ఉంది. పన్నెండేళ్ళుగా అక్కడ చీరలు మడతపెట్టే మనిషి. లోపల ఆమె చాప ఖాళీగా ఉంది. చీరలు చూపించే ప్రమీల కాఫీ లోటా తెచ్చి ఆమె పక్కన పెట్టి వెళ్ళింది.

టీవీలో సాయంత్రం ఏడు గంటలప్పటి బొమ్మ. ఎర్రచీర కట్టిన ఆడమనిషి బీరువా దగ్గర నిలబడి ఒక చీరను కొంగు చాటుకు లాక్కుంది. ముఖం మాత్రం అలుక్కుపోయి ఉంది.

“కుళ్ళాయమ్మే గదా! ఆ పొద్దు ఎర్రచీరే కట్టింది. పనోళ్ళందరి ముందరా అడిగితే నేను కాదంటాది. రావద్దని చెప్పి మూడు దినాలాయె, వచ్చి మెట్టు మీద కూర్చుంటాది” అన్నాడు శెట్టి.

గోవిందప్ప బొమ్మలోని ముఖం వైపు చూడలేదు. ఆమె వెనక గోడ గడియారాన్ని చూశాడు. దాని అంకెలు కూడా అలుక్కుపోయాయి. అంటే లెన్సే తప్పింది, బిగించింది తను.

“శెట్టిగారూ, సాయంత్రం దాకా ఎవురికీ ఏమీ చెప్పొద్దండి.”

బయటికొచ్చి బస్టాండు దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు. టీ తీసుకుని సగం తాగి వదిలేశాడు. కుళ్ళాయమ్మతో చెబుదామని రెండుసార్లు మెట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. స్వామీ, నా తొందర ఆయమ్మ నెత్తిన పడిందే అనుకున్నాడు. తన నల్లద్దం పెనుకొండలో ఉండిపోయింది. వెల్డింగు షాపులో అడిగితే, ముక్కూ మొహం తెలియని మనిషి ఎందుకని కూడా అడగకుండా తీసిచ్చాడు.

నిచ్చెన వేస్తుంటే కుళ్ళాయమ్మ లేచి వచ్చి రెండు చేతులతో పట్టుకుంది.

“చూసి ఎక్కప్పా. గచ్చు నున్నగుండాది, జారుతాది.”

నల్లద్దం అడ్డం పెట్టగానే తొంభై కాస్తా ముప్పైఒకటికి పడిపోయింది. వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. ముప్పైఎనిమిది, నలభైఆరు, యాభైమూడు, యాభై. వెనక్కి తెచ్చాడు. యాభైమూడు. బిగించాడు.

ఏడయ్యాక కుళ్ళాయమ్మను బీరువా దగ్గర నిలబడమన్నాడు. ఇప్పుడు టీవీలో గడియారం సెకన్ల ముల్లుతో సహా కనబడుతోంది. ఆమె ముక్కు పక్కన పుట్టుమచ్చ కనబడుతోంది. ఆమె నెత్తి బీరువా పిడి దాకానే వచ్చింది. పాత బొమ్మలో ఆ పిడి దగ్గర ఉన్నది ఆ ఎర్రచీర మనిషి భుజం.

శెట్టి రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూశాడు.

“ఈయమ్మ ఇంత పొట్టేమప్పా! నేను చీర రంగే చూస్తి గానీ...” గడ్డం నిమురుకున్నాడు. “సరేలే, రేపట్నించి పనికి రమ్మను.”

కుళ్ళాయమ్మ కళ్ళు తుడుచుకుంది గానీ చాప వైపు కదల్లేదు.

గోవిందప్ప వీధి వైపు చూశాడు. ఆ వీధి నిండా చీరల దుకాణాలే. మాట పాకితే రేపు తన నిచ్చెనను ఎవరు లోపలికి రానిస్తారు? అయినా శెట్టి ముందు చేతులు జోడించాడు.

“అట్ల కాదు శెట్టిగారూ. నల్లద్దం పెట్టకుండా బిగిచ్చింది నేను, తప్పు నాది. ఒక్క ఉపకారం చేయండి. ఆయమ్మను ఎంతమంది ముందర అడిగినారో, ఆ అందరినీ ఇప్పుడే పిలిచి, వాళ్ళ ముందర ఆయమ్మ దొంగ కాదని, తప్పు నాదని నా పేరు పెట్టి చెప్పండి.”