మోత వినిపించింది, కోడలు రాలేదు

2022 ఎండాకాలం. గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టి అప్పటికి నాకు చాలా ఏళ్లయింది. పగిలిన డిస్‌ప్లేలు, ఉబ్బిన బ్యాటరీలు, నీళ్లలో పడిన ఫోన్లు మాకు రోజూ ఉండే పనే. వైబ్రేషన్ మోటారు పోయిందని వచ్చేవాళ్లు మాత్రం అరుదు. చొక్కా బొత్తాం అంత ఉంటుందది. లోపల ఒక పక్కకే బరువున్న ముక్క గిర్రున తిరుగుతుంది, ఆ తూకం తప్పిన తిరుగుడుకే ఫోన్ అదురుతుంది. అది పాడైనా చాలామంది పట్టించుకోరు, రింగు ఎలాగూ వినిపిస్తుంది కదా అంటారు. నేనూ దాన్ని పెద్ద రిపేరుగా ఎప్పుడూ లెక్కచేయలేదు.

ఒకరోజు పొద్దున శ్రీను వచ్చాడు. కృష్ణలంకలో ఉంటాడు, ట్రాలీ ఆటో నడుపుతాడు. మా సందులో షాపులకు సరుకు దింపుతుంటాడు కాబట్టి మొహం తెలుసు. చేతిలో ఫోన్ ఏమీ లేదు.

"మా ఆవిడ ఫోన్‌లో వైబ్రేషన్ పోతే కొత్త మోటారు నేనే ఇంట్లో వేశానండీ. ఆన్‌లైన్‌లో తెప్పించి, వీడియో చూసి వేశా. బ్రహ్మాండంగా మోగుతోంది. ఆవిడేమో తెలియట్లేదంటోంది. ఒకసారి ఇంటికొచ్చి, బాగానే ఉందని మీ నోటితో చెప్పండి."

"ఫోన్ ఇక్కడికే తేవచ్చు కదయ్యా?"

"ఇవ్వదండీ. అది కాసేపు లేకపోతే మా ఇంట్లో జరగదు."

రిపేరు చేయమని కాకుండా సర్టిఫికెట్ ఇమ్మని పిలిచిన కస్టమర్ నాకు అతనొక్కడే. ఆ సంగతేమిటో చూద్దామని మధ్యాహ్నం సామాన్ల సంచి తగిలించుకుని వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం మీద శ్రీను తల్లి రత్తమ్మ గారు ఉన్నారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, ఎవరో ఒకరు పట్టుకోకుండా లేవకూడదు. వెనక గదిలో కోడలు కుమారి కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతోంది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆమెకు వినికిడి పూర్తిగా పోయింది, మాట మాత్రం మిగిలింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి చెప్పేది అర్థం చేసుకుంటుంది.

అత్తాకోడళ్లు తమకోసం ఒక పద్ధతి పెట్టుకున్నారు. రత్తమ్మ గారు పక్కనున్న చిన్న ఫోన్‌లో బటన్ నొక్కి మిస్డ్ కాల్ ఇస్తారు. కుమారి బొడ్లో దోపుకున్న ఫోన్ అదురుతుంది. ఒక్కసారి అదిరి ఆగితే మంచినీళ్లు కావాలని, ఆగకుండా అదిరితే వెంటనే రమ్మని. మాటలక్కర్లేని ఆ ఏర్పాటు నెలల తరబడి చక్కగా నడిచింది.

శ్రీను మోటారు మార్చాకే గొడవ మొదలైంది. అంతకుముందు వారం పెద్దావిడ ఎంతసేపు కాల్ చేసినా కోడలు రాలేదు. ఆగలేక తనే లేవబోయి మంచం పక్కన పడ్డారు. అదృష్టం బాగుండి ఎముకకేమీ కాలేదు, మోచెయ్యి కమిలింది.

"ఈ గదిలోకి నాకు వినపడుతుందయ్యా, గరగరమని. తన ఒంటి మీదున్నది తనకి తెలియదా?" అన్నారు రత్తమ్మ గారు. "చేసీ చేసీ విసుగొచ్చినట్టుంది. తప్పని నేనననులే. ఆదివారం మా పెద్దోడొచ్చి హనుమాన్ జంక్షన్ తీసుకుపోతానన్నాడు. వెళ్లిపోతా."

ఆవిడ గొంతులో కోపం లేదు. మనసు విరిగిన మనిషి మాట్లాడినట్టుంది. శ్రీను తల వంచుకుని నిలబడ్డాడు.

నేను కుమారి ఫోన్ తీసుకుని బల్ల మీద పెట్టి, శ్రీనుని కాల్ చేయమన్నాను. మా షాపుల్లో వైబ్రేషన్ చూసే తీరు అదే. గాజు కౌంటర్ మీద పెడతాం, గరగరమంటే పాసైనట్టు. ఇది ఇల్లంతా వినిపించేలా గరగరలాడింది.

"మోటారు బాగానే ఉందమ్మా," అన్నాను ఆమె వైపు తిరిగి.

కుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరూ విన్నారు. అందరూ వింటున్నారు. నేను కావాలనే రావట్లేదనుకుంటున్నారు," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "మీరొచ్చి నా మిషన్ దగ్గర కూర్చోండి అన్నయ్య గారూ," అంది.

కూర్చున్నాను. ఫోన్‌ని నా నడుం దగ్గర బెల్టు లోపలికి దోపుకోమంది. మిషన్ స్విచ్ వేసి, పెడల్ నొక్కుతూనే ఉండమంది. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకోమంది. నలభై దాటిన మనిషిని అలా చెవులు మూసుకుని కుట్టుమిషన్ తొక్కుతుంటే నాకే నవ్వొచ్చింది. మిషన్ అదురు కుర్చీలోంచి ఒళ్లంతా పాకుతోంది. కాసేపు చూసి, చెవుల మీంచి చేతులు తీసి, "ఎప్పుడు చేస్తావయ్యా శ్రీనూ?" అని అడిగాను.

శ్రీను మొహం పాలిపోయింది. "ఇది మూడోసారండీ. మోగుతూనే ఉంది," అన్నాడు.

నిజమే. చేతులు తీశాక నాకూ వినిపించింది, నా నడుం దగ్గరే గరగర. ఒంటికి మాత్రం ఏమీ తెలియలేదు.

"తెలిసిందా?" అంది కుమారి.

"లేదమ్మా," అన్నాను.

ఫోన్ ఆఫ్ చేసి, సిమ్ ట్రే తీసి, వెనక మూతని చిన్న హీట్ గన్‌తో వెచ్చబెట్టాను. లోపలి గమ్ మెత్తబడ్డాక పల్చటి ప్లాస్టిక్ రేకు దూర్చి చుట్టూ మెల్లగా తిప్పితే మూత ఊడొస్తుంది. ఆ వెంటనే బ్యాటరీ కనెక్టర్ తీసెయ్యాలి. అది తియ్యకుండా లోపల చెయ్యిపెడితే ఒక్కోసారి బోర్డే పోతుంది. శ్రీను ఇవన్నీ జాగ్రత్తగానే చేశాడు. తేడా అంతా మోటారు కింద ఉంది. అతను తెప్పించింది ఆ మోడల్‌ది కాదు, కాస్త పల్చన. గుంటలో వదులుగా ఉందని అడుగున స్పాంజి టేపు వేశాడు. ఆ స్పాంజి అదురునంతా మింగేస్తోంది. మోటారేమో పైకి లేచి మూతకి తగిలి మోత చేస్తోంది. చప్పుడు పెరిగింది, ఫోన్ అదరడం తగ్గిపోయింది.

"కదలకుండా ఉంటుందని వేశానండీ," అన్నాడు శ్రీను.

"పరుపేశావయ్యా దానికి. హాయిగా పడుకుంది," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

సరైన మోటారు నా సంచిలో ఉంది. గుంటలో పాత గమ్ గీకి, స్పిరిట్‌తో తుడిచి, పల్చటి టేపుతో లోహపు ఫ్రేముకే నేరుగా అతికించాను. మూత పెట్టి కాల్ చేస్తే సన్నగా జుయ్యిమంది, అంతే.

"ఇదేంటండీ, సౌండ్ తగ్గిపోయింది?" అని శ్రీను కంగారుపడ్డాడు.

కుమారి ఫోన్ బొడ్లో దోపుకుని, వెనక గదిలోకి వెళ్లి మిషన్ తొక్కసాగింది. రత్తమ్మ గారిని బటన్ నొక్కమన్నాను. ఆవిడ నమ్మకం లేకుండానే నొక్కారు. మిషన్ మోత తప్ప మాకింకేమీ వినిపించలేదు. అంతలో ఆ మోత ఆగింది. కుమారి గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటత్తయ్యా, మంచినీళ్లా?"

పెద్దావిడ కాదన్నట్టు తలూపారు. కుమారి వెళ్లి మిషన్ మీద కూర్చున్నాక మళ్లీ నొక్కారు. మళ్లీ వచ్చింది. ఇంకోసారి, ఈసారి కట్ చెయ్యకుండా అలాగే మోగనిచ్చారు. "ఏమైందత్తయ్యా? నొప్పా?" అంటూ కుమారి పరుగున వచ్చింది.

రత్తమ్మ గారు ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. పెదాలు కనిపించేలా మొహం తిప్పి, ఒక్కో మాటా విడదీసి చెప్పారు.

"నాకు వినపడింది కదా అని, నీకు తెలిసిందనుకున్నానే."

కుమారి ఏడ్చేసింది. పెద్దావిడ కొడుకు వైపు తిరిగి, "ఆదివారం అన్నయ్యని రావద్దను," అన్నారు.

చెవులు బాగా పనిచేసే ముగ్గురం కలిసి, ఆ ఇంట్లో నిజం చెబుతున్న ఒక్క మనిషిని అబద్ధాలకోరును చేశాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే వైబ్రేషన్ మోటారు మార్చిన ఫోన్‌ని నేనిప్పుడు కౌంటర్ మీద పెట్టి చూడను. వాడేవాళ్ల చేతికిచ్చి, రోజూ ఎక్కడ పెట్టుకుంటారో అక్కడే పెట్టుకోమంటాను. కాల్ చేసి, ఏమీ మాట్లాడకుండా వాళ్ల మొహం చూస్తాను. తెలిసిందని వాళ్లు చెబితేనే నా పని అయినట్టు.