సత్తయ్య గోధుమ బీరు మోరీ పాలు కాదు

నిన్న పొద్దున ఫోన్ ఎత్తితే చెల్లె అంజమ్మ ఏడుపు.

"అన్నా, ఆయన లేస్తలేడు."

లేవకపోవడమేంది? మొన్న సాయంత్రమే కదా వాడు నాతో ఫోన్లో నవ్వాడు! చెప్పులు కూడా వేసుకోకుండా కొత్తకోటకు ఆటో ఎక్కాను.

నేను పోయేసరికి దవాఖాన నుంచి తెచ్చి వాకిట్లో పండబెట్టారు.

సత్తయ్య నా బామ్మర్ది. నాకంటే చిన్నోడు. నాకంటే ముందు పోయాడు.

నాకు చదువు అంతంతే. మాట్లాడితే ఫోనే రాసుకుంటుంది. తప్పులుంటే ఫోన్‌ను తిట్టుకోండి.

ముందు ఒక మాట తేల్చాలి.

మన ఫ్యామిలీ గ్రూప్‌లో నిన్నటి నుంచి ఒకటే మెసేజ్. సత్తయ్య ఇంట్లో చేసుకున్న బీరు తాగి చచ్చాడట.

అబద్ధం.

పొద్దున చాయ్ తాగుతూ గోడకు ఒరిగిపోయాడు. డాక్టర్ గుండె ఆగిందన్నాడు. బకెట్లో ఉన్న బీరు ఇంకా పొంగుతూనే ఉంది, ఎవరూ ముట్టలేదు.

ఆ మెసేజ్ పెట్టినవాళ్లలో ఎవరెవరు బెల్టు షాపు ముందు నిలబడతారో నాకు తెలుసు. పేర్లు రాయమంటే రాస్తాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను.

మాది తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇల్లు. సత్తయ్య చెట్టు మీంచి పడి నడుము పోయాక చెట్టెక్కే మోకు పక్కన పెట్టాడు. బెంగళూరు పోయి, సొంతంగా బీరు చేసే ఒక హోటల్లో ట్యాంకులు కడిగాడు. లాక్‌డౌన్‌లో ఆ పని పోయింది.

ఇంటికొస్తూ ఒక డబ్బా తెచ్చాడు.

డబ్బాలో గోధుమ మాల్ట్ పాకం, తేనెలాగా చిక్కగా. దాన్ని నీళ్లలో కలిపి, చేదు కోసం హాప్స్ గోలీలు వేసి మరిగించాలి. చల్లారాక ఈస్ట్ వేసి మూత పెట్టాలి.

వాడేం చేశాడు? ఈస్ట్ ప్యాకెట్ మూలకు విసిరేశాడు.

"బావా, కల్లు కుండల ప్యాకెట్ ఎవడన్న ఏసిండా? మన అయ్యలు ఏసిండ్రా?" అని, నిన్నటి కల్లు అడుగున మిగిలిన మడ్డి చెంబెడు తెచ్చి పోశాడు.

పొద్దు గూకకముందే బకెట్ పొంగింది. మా ఇద్దరికీ ఒకటే సంబరం. పొంగు తగ్గగానే సీసాల్లో పోసి, గ్యాస్ కోసం కాస్త చక్కెర వేసి, మంచం కింద పెట్టాడు.

ఒక మధ్యాహ్నం అంజమ్మ అదే మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

కింద ఢాం.

వెంటనే ఇంకోటి.

"నీ బీరు మీద మన్నువొయ్య! పెండ్లాన్ని సంపుదామనుకున్నవా?"

వాడు గడపలోంచి కదలకుండా, "ఎట్లైన లేస్తివి గదనే, మిగిలిన సీసాలు జర బయట వెట్టు" అన్నాడు.

చింతపండు చాట వాడి నెత్తి మీదికొచ్చింది.

పగలకుండా మిగిలిన సీసా తెరిచాం. ఒకటే పులుపు, నోట్లో పెట్టలేం. వాడు నా ముఖంలోకి చూస్తూ సీసా మొత్తం తాగాడు. "మంచిగుంది" అన్నాడు. కళ్లలో నీళ్లు కారుతున్నాయి.

అంత మొండి.

ఆ మొండితనమే మళ్లీ చేయించింది. అంజమ్మ ఇంట్లోంచి గెంటేస్తే మేకల కొట్టంలో ఒక మూల చూసుకున్నాడు. ఇంకో డబ్బా తెప్పించి, ఈసారి అన్నీ వేడినీళ్లతో కడిగాడు. కల్లును దగ్గరికి రానివ్వలేదు. ప్యాకెట్ ఈస్టే వేశాడు. మన పాలమూరు ఎండకు బకెట్ కాగిపోకుండా తడి గోనెసంచి చుట్టి, ఆరినప్పుడల్లా తడుపుతూ కూర్చున్నాడు.

అది బియ్యం కడిగిన నీళ్లలాగా మబ్బుగా వచ్చింది. అరటిపండు వాసన.

"అరటిపండ్లు ఏసినవారా?"

"ఒక్క తొక్క గూడ ఎయ్యలే బావా. గోధుమ బీరు గట్లనే వాసనొస్తది."

జీవితమంతా కల్లు రుచి చూసిన నాలుక నాది. బాగుంది అంటే బాగుందనే.

చెట్టు మీంచి పడ్డాక వాడు అంత నవ్వడం ఆ రోజే చూశాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఒక్క సీసా అమ్మలేదు. ఇంటికొచ్చినవాళ్లకు పోశాడు. గ్రూప్‌లో నీతులు చెప్తున్నవాళ్లు కూడా తాగారు, రెండో గ్లాసు అడిగి మరీ.

నిన్న వాణ్ణి సాగనంపి ఇంటికొచ్చామో లేదో, వాడి తమ్ముడు నర్సింలు కొట్టంలోకి పోయి బకెట్ ఎత్తుతున్నాడు.

"ఏడికిరా?"

"మురికి మోరీల గుమ్మరిస్త బావా. పది మంది వస్తరు. ఎవడన్న పోలీసోళ్లకు చెప్తే మన ఇజ్జత్ పోతది."

"గంత చిన్న బకెట్ల పట్టిందారా నీ ఇజ్జత్?"

"పిట్టకు దుకాణం బీరు తెస్త. మంచిదే తెస్త."

మూడో రోజు పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ తీసుకుపోయి పిట్టకు పెడతాం. కాకి గాని పిట్ట గాని ముట్టేదాకా ఇంటివాళ్లం ముద్ద ముట్టం. ఆ రోజున సత్తయ్యకు దుకాణం బీరా?

నేను బకెట్‌ను లాక్కుని దాని ముందు కూర్చున్నాను. "ఈ ముసలోణ్ణి లేపి గుమ్మరియ్యి" అన్నాను. వాడు నిలబడ్డాడు. నేను లేవలేదు.

అంజమ్మ వచ్చింది. మా ఇద్దరినీ చూడలేదు. గోనెసంచి ముట్టుకుని చూసింది. ఆరిపోయింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి తడిపింది.

"ఆయన చెయ్యి వెట్టిన ఆఖరుది. గిదే పెడత. పోలీసోళ్లు వస్తే రానీ, వాళ్లకు గూడ ఒక గ్లాసు పోస్త."

నర్సింలు తల దించుకుని బయటికి పోయాడు.

రేపు పొద్దున పిట్టకు అదే పెడుతున్నాం. గ్యాస్ పట్టలేదు, రుచి పూర్తిగా కుదరలేదు. అయినా అదే. సిగ్గనిపించేవాళ్లు రావద్దు. వచ్చేవాళ్లు వాకిట్లో అందరి ముందు కూర్చుని తాగాలి, చాటుకు పోవద్దు.

పోయిరా సత్తిగా. నీ మీద మాట పడకుండ నేను చూసుకుంట.

నువ్వు నిమ్మళంగ పండుకో.