రాజలింగం గీసిన వంకర గీత

ఒక్క కాగితం జెరాక్స్ కోసం తార్నాక నుంచి విద్యానగర్ దాకా బస్సెక్కి పోయే మనిషిని ఎక్కడైనా చూశారా? మా రాజలింగం పోతాడు. ఇంటి పక్క సందులోనే భూపాల్ జెరాక్స్ షాపు ఉంది. అయినా పోతాడు. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

తిక్క కాదండీ, సిగ్గు.

రాజలింగం యూనివర్సిటీ గ్రౌండులో సున్నం గీతలు గీసేవాడు. ఆ రోజుల్లో అక్కడ, జీతమిచ్చి ఆటగాళ్లను పెట్టుకునే కంపెనీ జట్లు బేస్‌బాల్ లీగు ఆడేవి. ముప్పై ఏళ్ల కిందట ఓ ఆదివారం జరిగింది ఫైనల్ కాదు, మామూలు లీగ్ మ్యాచే. అందులో ఆడుతున్న భూపాల్‌కు మాత్రం మామూలు కాదు. ఆ రోజు బాగా కొడితే ఉద్యోగమిస్తామని కంపెనీవాళ్లు మాటిచ్చారు.

అదే రోజు బోనాలు. "బోనమెత్తే యాళ్లకు ఇంట్ల ఉండాలె" అని భార్య పోచమ్మ గట్టిగా చెప్పి పంపింది. రాజలింగం ఎప్పుడూ గ్రౌండు మూలనున్న హాకీ జెండా దాకా తాడు లాగి గీత గీసేవాడు. ముందురోజు వానకు అక్కడ నీళ్లు నిలిస్తే, హాకీ ఆడేవాళ్లు ఆ జెండాను పీకి రెండడుగులు లోపలికి పాతారు. కొలిచి చూసుకోవాలా వద్దా? చూసుకోలేదు మహానుభావుడు. గీశాడు, ఇంటికి ఉరికాడు.

బోనం సమర్పించి తిరిగొచ్చేసరికి ఆట చివరికొచ్చింది. భూపాల్ బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. కొట్టాడు చూడండీ, అబ్బ! బంతి మూలదాకా పోయి గీతకు జానెడు అవతల పడింది. బేస్‌బాల్‌లో గీత దాటి పడిన దెబ్బ చెల్లదు. అంపైర్ "ఫౌల్" అన్నాడు. తర్వాతి బంతికి భూపాల్ బ్యాట్ గాలిలో తిరిగింది, ఔటయ్యాడు. జట్టు ఓడింది, ఉద్యోగం పోయింది.

రాజలింగం అప్పుడు చూశాడు జెండాని. అది రెండడుగులు లోపలికి జరిగి ఉంది; గీత సరిగ్గా ఉంటే ఆ దెబ్బ చెల్లేదే. నోరు తెరిచి చెబితే అంపైర్ వినేవాడే. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. అందరూ వెళ్లాక చీపురు తెచ్చి గీత చెరిపేశాడు.

ఆ తర్వాత పాతికేళ్లు రెండుసార్లు కొలవకుండా గీత గీయలేదు. "లింగన్న గీస్తే తిరుగులేదు" అని ఎవరైనా మెచ్చుకుంటే చచ్చేంత సిగ్గేసేది.

మొన్న పెన్షన్ కాగితం జెరాక్స్ కావాల్సి వచ్చింది.

"మోకాళ్లు పట్టేసినయంటవ్, మళ్ల విద్యానగర్ ఏంది? గా భూపాల్ నిన్నేమన్న కొరుకుతడా?" అంది పోచమ్మ.

ఇక లాభం లేదు, ఇవాళ చెప్పేస్తా అనుకుని రాజలింగం సందులోకి నడిచాడు. షాపులో ఇంకెవరూ లేరు.

"రా లింగన్నా, కూసో" అన్నాడు భూపాల్.

కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేశాడు. జెండా, తాడు, తొందర, అన్నీ. భూపాల్ వింటూనే కాగితం మెషీన్లో పెట్టాడు.

"నాకెర్కనే అన్నా. ఆ దినం చెప్పులు మర్శిపోయి మళ్లొచ్చిన. నువ్వు చీపురుతోని గీత చెరుపుతున్నవ్, అప్పుడే సమజైంది."

"మరి... ఎవ్వరికీ చెప్పలేదేంది?"

"అప్పుడు నీది డైలీ వేజ్. వచ్చే నెల పర్మనెంట్ చేస్తరని నువ్వే చెప్తివి గద. నీ బిడ్డ భాగ్య ఇంకా చంకలనే ఉండె. నేను చెప్తే నీ నౌకరి ఉంటుండెనా?"

ఆ నౌకరీ మీదే భాగ్య చదువు, పెళ్లి, ఇప్పుడు మెషీన్లో ఉన్న ఈ పెన్షన్ కాగితం.

"నువ్వే వచ్చి ఒక్క మాట చెప్తవేమోనని ఏడాది చూసిన" అన్నాడు భూపాల్ జెరాక్స్ అందిస్తూ. "తర్వాత చూసుడు బంద్ చేసిన."

రాజలింగం రెండు చేతులూ జోడించాడు. "పెద్దోనివి, గిదేందన్నా" అని భూపాల్ ఆ చేతులు పట్టుకుని దించాడు. చేతులైతే దిగాయి గానీ, తలెత్తి అతని ముఖం చూడటం మాత్రం రాజలింగం వల్ల కాలేదు.