అద్దాల గుడ్డ మీద బండి

తుల్సీరాంను ఒక్క చోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. కన్నతల్లి కాలేదు, బడిపంతుళ్లు కాలేదు, కట్టుకున్న హేమలత అసలే కాలేదు. చివరికి అడవి మలుపులో లారీ బోల్తాపడి కూర్చోబెట్టింది.

పినపాక అవతల తండాలో పుట్టాడు. మీసం మొలిచీ మొలవకముందే బొగ్గులారీకి క్లీనరయ్యాడు, ఆ తర్వాత డ్రైవరయ్యాడు. మణుగూరులో లోడెత్తి, అడవి దాటి, ఇల్లెందు మీదుగా ఖమ్మం దిగి, టీ గ్లాసు చల్లారకముందే వెనక్కి తిప్పేవాడు. ఇంట్లో పడుకుంటే నిద్ర పట్టదని క్యాబిన్‌లోనే పడుకునే రకం. పెళ్లి పీటల మీద కూడా రోడ్డు మీద వినబడే హారన్‌ను బట్టి అది ఎవరి బండో చెప్పాడని హేమలత ఇప్పటికీ దెప్పుతుంది.

రెండువేల ఎనిమిది వానాకాలంలో ఆ లారీ పల్టీ కొట్టింది. తుల్సీరాం ఎడమ మోకాలు నుజ్జయింది. దవాఖానాలో రాడ్డు వేశారు. ఎడమ కాలంటే క్లచ్ కాలు. డ్రైవర్‌కు అది పోతే ఇంకేం మిగిలింది? హేమలత ఖమ్మంలో సర్కారు బడి టీచర్. ఖానాపురం హవేలిలో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. ఆ రెండు గదుల్లోనే చేతికర్ర టకటకలాడిస్తూ పొద్దస్తమానం తిరిగేవాడు. తలుపు తీసేవాడు, వేసేవాడు. రోడ్డు మీద లారీ పోతే చాలు, కర్ర లేకుండానే లేవబోయి పడేవాడు.

మరుసటి ఎండాకాలం లారీ ఓనరు చెంచురామయ్య ఫోన్ చేశాడు. "కొత్త బండి దింపుతున్న తుల్సీ. నీ అంత చెయ్యి నాకు దొరకలే. క్లచ్ తొక్కగలిగితే వచ్చి ఎక్కు. తొక్కలేకపోతే మాత్రం రాకు, ఇద్దరం జైలుకు పోతం" అన్నాడు.

ఆ ముక్కతో తుల్సీరాంకు పూనకం వచ్చినట్టయింది. ఆ కాలితో ఈ మనిషి మళ్లీ అడవి దారెక్కితే తిరిగి రాడని హేమలతకు గట్టిగా అనిపించింది. వద్దంటే వినే ఘటమా? బాగా ఆలోచించి ఒక ఎత్తు వేసింది. బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు నడిపే రవీందర్ దగ్గర లారీ నడిపే ఆట ఒకటి ఉందనీ, దానికి మామూలు లాప్‌టాప్ సరిపోదనీ, గ్రాఫిక్స్ కార్డు వేరుగా ఉన్నది కావాలనీ తెలుసుకుని, అటువంటిదే పట్టుకొచ్చింది. ఈ బండి మీద మోజు తీరితే ఆ బండి జోలికి పోడని ఆమె ఆశ.

తుల్సీరాం ఆ ఆశను తలకిందులు చేశాడు. తెలిసిన మెకానిక్ దగ్గర పాత లారీ క్లచ్ పెడల్ ఒకటి సంపాదించి, దానికి గట్టి స్ప్రింగు బిగించి, చెక్కకు కొట్టించి టేబుల్ కింద పెట్టుకున్నాడు. దానికీ లాప్‌టాప్‌కూ ఏ సంబంధమూ లేదు. తెర మీద గేరు మారినప్పుడల్లా కింద ఎడమ కాలితో దాన్ని తొక్కేవాడు.

"గిదేంది?" అంది హేమలత.

"ప్రాక్టీసు. ఒక్క ట్రిప్పు మొదటికెళ్లి చివరిదాకా క్లచ్ తొక్కుకుంట పోయిన్ననుకో, చెంచురామయ్యకు ఫోన్ కొడత."



అప్పుడు వాళ్లతోనే ఉంటున్న జమ్లి, అంటే తుల్సీరాం తల్లి, లాప్‌టాప్‌ను వేలితో తట్టి చూసింది. ఆమె కళ్లలో శుక్లాలు. "ఇది గూడ బండేనా బేటా?"

"అవ్ యాడీ, బండే." తండాలో అమ్మను యాడీ అనే పిలుస్తారు.

బండి అన్నాక జమ్లి ఊరుకునే మనిషి కాదు. లంబాడీల తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగిన కాలంలో, అందరికంటే ముందు నడిచే ఎద్దు వీపు మీద అద్దాలూ గవ్వలూ కుట్టిన గుడ్డ కప్పేవాళ్లట. ఎద్దులు పోయాయి గానీ ఆ గుడ్డ మీద నమ్మకం పోలేదు. తుల్సీరాం మొదటిసారి స్టీరింగ్ పట్టిననాడు జమ్లి అటువంటి గుడ్డ కుట్టి లారీ ముందద్దం దగ్గర పరిచింది. యాక్సిడెంటుకు ముందు లారీకి రంగులేస్తూ ఎవరో దాన్ని మడిచి టూల్‌బాక్సులో పడేశారు. బ్రేకులు పట్టలేదని పోలీసులు రాసుకున్నారు. జమ్లికి మాత్రం కారణం ఆ టూల్‌బాక్సే.

అందుకని సరిగా ఆనని కళ్లతోనే సూదిలో దారం ఎక్కించమని కోడలిని సతాయిస్తూ కొత్త గుడ్డ కుట్టింది. లోపల పాత చీరలు పొరలు పొరలుగా పెట్టింది, పైన అద్దాలు. పరుపంత మందం వచ్చింది. దాన్ని టేబుల్ మీద పరిచి, లాప్‌టాప్ దాని మీద పెట్టించి, నిప్పుల మీద నెయ్యీ బెల్లమూ వేసి దండం పెట్టుకుంది. "దీని మీదికెళ్లి కిందికి దించకు బేటా" అంది. తుల్సీరాం సరేనన్నాడు.

ఆట మొదలైంది. బ్రహ్మాండంగా నడిచింది, కాసేపే. కొండ ఎక్కి మలుపు దగ్గరికి రాగానే తెర మీద లారీ ఎగిరెగిరి పడింది. రోడ్డు ముక్కలైంది. ఆ తర్వాత బొమ్మ బిగుసుకుపోయింది. సరిగ్గా మలుపు దగ్గరే! తుల్సీరాం మళ్లీ మొదటినుంచి పెట్టాడు. మళ్లీ అంతే.

ఇక చూడాలి ఆయన తిప్పలు. రోజుకు పదిసార్లు రవీందర్‌కు ఫోను. రవీందర్ చెప్పినట్టు పవర్ సెట్టింగులో హై పెర్ఫార్మెన్స్ పెట్టాడు. గ్రాఫిక్స్ కార్డుకు కొత్త డ్రైవర్, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రాం, వేయించాడు. డ్రైవరన్న మాట విని, "నన్ను కాదనుకుని దానికి కొత్త డ్రైవర్‌ను పెడుతున్నరా" అని తనలో తనే గొణుక్కున్నాడు. తెర మీద తెరుచుకునే కిటికీల తళుకులు తీసేశాడు. ఆన్ కాగానే తమంతట తామే లేచి కూర్చునే ప్రోగ్రాములన్నీ ఆపేశాడు. ఆటలో నీడలు తగ్గించాడు, చెట్లు తగ్గించాడు. చివరికి అడవి దారి కాస్తా బోడిగుట్ట అయింది గానీ, లారీ మాత్రం ఆ మలుపు దాటలేదు.

మనిషికి తిండి సయించలేదు. అన్నం మధ్యలో లేచి వెళ్లి ఏదో ఒకటి నొక్కి వచ్చేవాడు. "ఇది హ్యాంగ్ కాకపోతే నేను ఈపాటికి హైదరాబాద్ దాటిపోదును. కాలుకేం గాలే, బండికే రోగం" అని కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు, ఆ మాట చెంచురామయ్య చెవిదాకా పోయింది.

ఒక మధ్యాహ్నం చార్జర్ తీగ గుడ్డ మడతల్లో ఇరుక్కుంటే, లాగుదామని లాప్‌టాప్‌ను కొద్దిగా పైకెత్తాడు. చెయ్యి చురుక్కుమంది. అడుగున గాలి పీల్చుకునే సందులన్నీ మెత్తటి గుడ్డలో పూడుకుపోయి ఉన్నాయి. రేడియేటర్ ముందు గోనెపట్టా కట్టి లారీని ఘాట్‌రోడ్డు ఎక్కిస్తే ఏమవుతుందో తెలిసినవాడు కదా, క్షణంలో అర్థమైపోయింది. ఇన్ని రోజులు తోచనందుకు తన మీద తనకే మండింది.

కానీ తల్లికి ఎలా చెప్పడం? గుడ్డ తీస్తానంటే ఆమె కళ్ల ముందు టూల్‌బాక్సు మెదులుతుంది. నోరు మూసుకుని లాప్‌టాప్‌ను మళ్లీ గుడ్డ మీదే పెట్టాడు. ఆ రోజు నుంచి ఇంకా చిరాకు. హేమలత మీద విసుక్కున్నాడు, ఫ్యాను మీద విసుక్కున్నాడు.

రెండు రోజులకు చెంచురామయ్య మళ్లీ ఫోన్ చేశాడు. బండి వచ్చింది, సోమవారం నుంచి లోడు. ఏమంటవ్?

"వస్తున్ననన్నా. కాలు మంచిగైంది. ట్రిప్పు మొత్తం క్లచ్ తొక్కుతున్న" అనేశాడు తుల్సీరాం.

హేమలత చేతిలో గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుంది. జమ్లి మాత్రం ఊరుకోలేదు. "ట్రిప్పు మొత్తం ఎప్పుడు తొక్కినవ్ బేటా? నీ బండి సగంలనే ఆగిపోతాంది గదా. నాకు కండ్లు కనబడకున్నా చెవులు ఇనబడతయ్."

తుల్సీరాంకు కోపం నషాళానికి అంటింది. "ఆగుతాంది నీ గుడ్డ వల్లనే! దానికి గాలాడతలేదు. ఊపిరి ఆడక సస్తాంది!"

అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. జమ్లి లేచి టేబుల్ దగ్గరికి తడుముకుంటూ వెళ్లి, లాప్‌టాప్ పక్కన గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది.

"కాలుతాంది" అంది. "జ్వరమొచ్చినోన్కి దుప్పటి కప్పిన. ముందే చెప్తే ఏమైతది?"

"మల్ల లారీ సంగతి ఎత్తుతవని..."

"ఎత్తనులే" అంది జమ్లి. "హేమా, దాన్ని లేపు."

హేమలత లాప్‌టాప్‌ను లేపింది. జమ్లి గుడ్డ లాగేసింది. అడుగున గాలి ఆడేటట్టు హేమలత నాలుగు మూలలకూ అగ్గిపెట్టెలు పెట్టింది. జమ్లి ఆ గుడ్డను దులిపి, మడిచి, కొడుకు ఎడమ మోకాలి మీద కప్పింది. "బండికి వద్దంటే నీకన్న ఉండనియ్. ఇగ తోలు. మొత్తం తోలు, నేను ఇంటా" అని పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

తుల్సీరాం మొదలుపెట్టాడు. గేరు మార్చాడు, క్లచ్ తొక్కాడు. కింద స్ప్రింగు కిర్రుమంది. కొండ వచ్చింది, మలుపు వచ్చింది. లారీ వెన్నలా తిరిగింది. తెర మీద ఒక్క కుదుపు లేదు. తుల్సీరాం ఆనందం పట్టలేక "సూసినవా యాడీ!" అని అరిచాడు. మలుపు అవతల ఏముందో ఆయన ఎన్నడూ చూడలేదు. అవతల పొడవాటి ఘాట్‌రోడ్డు ఉంది. గేరు, క్లచ్. మళ్లీ గేరు, మళ్లీ క్లచ్.

కొంత దూరం పోయాక స్ప్రింగు కిర్రుమనడం ఆలస్యమైంది. మోకాలి లోపల రాడ్డు ఉన్నచోట సూదులు దిగుతున్నాయి. పళ్లు బిగించి తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు. మూడోసారి కాలు లేవలేదు. లెమ్మని ఎంత చెప్పినా, అది తనది కానట్టు పెడల్ మీద అలాగే పడి ఉంది. ఇన్నాళ్లూ కాలు అలిసిపోకముందే ఆట ఆగిపోయేది. అందుకే కాలు బాగుందనుకున్నాడు.

గుడ్డ కింద కాలు వణుకుతుంటే అద్దాలు గలగలలాడాయి. జమ్లి పీట దగ్గరికి జరుపుకుంది. మోకాలి మీద చెయ్యి వేసి, వణుకు ఆగేదాకా అలాగే పట్టుకుంది.

తెర మీద లారీకి క్లచ్ అక్కర్లేదు. అది పోతూనే ఉంది. తుల్సీరాం ఆపలేదు. ఘాటు దింపి, ఊరు దాటించి, లోడు దించే చోటు దాకా జాగ్రత్తగా తీసుకెళ్లి నిలబెట్టాడు. ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. ఆ తర్వాత చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. అంతసేపు అతను కదలకుండా ఉండటం హేమలత అదే మొదటిసారి చూడటం.

"హేమా, చెంచురామయ్యకు ఫోన్ కలుపు" అన్నాడు.

ఆమె కలిపి భయం భయంగా చేతికిచ్చింది.

"అన్నా, ఇంకో డ్రైవర్‌ను చూసుకో."

"ఏమైందిరా? పొద్దుగాలనే వస్తనంటివి. ఆ లాప్‌టాప్ బండి మల్ల ఆగిపోయిందా?" అన్నాడు చెంచురామయ్య.

"లేదన్నా" అన్నాడు తుల్సీరాం, మోకాలి మీది గుడ్డ సర్దుకుంటూ. "బండి ఇయ్యాల మంచిగనే నడిచింది."