జపాను అక్షరానికి తలకట్టు

జపాను అక్షరానికి తలకట్టు పెట్టిన మొదటి తెలుగు మాస్టారిని బహుశా నేనే. ఇది గొప్పకు చెప్పడం కాదు, తప్పు ఒప్పుకోవడం. తిరువూరులో పాఠాలు చెప్పినన్నాళ్లూ నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవారు. ఆ ముత్యాలు ఫోను ముందు గులకరాళ్లయ్యాయి.

రెడ్డిగూడెం దగ్గర మామిడితోట ఉన్న మా బావమరిది జపాను నుంచి వచ్చిన పాత చిన్న ట్రాక్టరు ఒకటి కొన్నాడు. దాని మీద రాతలన్నీ ఆ భాషలోనే. వాన పడి, దున్నడానికి పదును కుదిరిన రోజే అందులో ఎర్రదీపం వెలిగింది. దీపం కింద రెండు అక్షరాలు. అవేమిటో తెలియకుండా నడిపితే ఇంజను పోతుంది, ఆగితే పదును పోతుంది. ఫోను చేసి మమ్మల్ని రమ్మన్నాడు. నేనూ మా ఆవిడా బండి మీద వెళ్లాం.

ఫొటో తీసి అర్థం చెప్పమంటే ఫోను చెప్పలేకపోయింది. ఎండకు అక్షరాలు అంతగా వెలిసిపోయాయి. అందుకని వేలితో రాసే జపాను కీబోర్డు ఎక్కించాను. తెర మీద గీస్తే చాలు, దానికి దగ్గరగా ఉన్న అక్షరాలన్నీ పైన వరుస కడతాయి. ఎంత వంకరగా రాసినా విసుక్కోకుండా "ఇదా? పోనీ ఇదా?" అని అడిగే పంతులు. నాకు అంత ఓపిక ఏనాడూ లేదు.

నేను అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తకుండా గుండ్రంగా చుట్టి, పైన తలకట్టు కూడా తగిలించాను. జపానులోనూ గుండ్రటి అక్షరాలున్నాయట. ఫోను పాపం అవన్నీ చూపించింది. మాకు కావలసింది పుల్లలు పేర్చినట్టున్న అక్షరం.

"మీకు అన్నీ సున్నాలే వేస్తోంది బావగారూ!" అన్నాడు బావమరిది, సీటెక్కి కూర్చుంటూ. "అది ఆయిలు లైటేనండి. పోసేశాను కూడా. స్టార్టు చేస్తున్నా."

"ఒరేయ్, దిగు ముందు," అంది మా ఆవిడ. "ఏవండీ, అదిలా ఇవ్వండి. మీరు జిలేబీ చుడుతున్నారు. ఇది గీతల ముగ్గు."

పక్కింటి వాళ్ల ముగ్గును చూసినట్టు కాసేపు చూసింది. తర్వాత పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, గీత గీతకీ వేలు ఎత్తుతూ వేసింది. రెండో అక్షరం పక్కనున్న మూడు చుక్కలూ విడివిడిగా పెట్టింది. మొదటి అక్షరం వెంటనే దొరికింది, రెండోది రెండో ప్రయత్నానికి. 水温. అర్థం అడిగితే ఫోను తెలుగులో చెప్పింది: నీటి ఉష్ణోగ్రత.

నేనెన్నడూ చూడని దేశపు అక్షరాలు వేలకు వేలు, పుల్ల చెదరకుండా, ఇన్నాళ్లూ నా చొక్కా జేబులో కూర్చున్నాయి. వాటిని పిలవడం తెలిసిన చెయ్యేమో రోజూ నాకు కాఫీ ఇస్తోంది. ఆ రెంటికీ ఆ పూట మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇంజను చల్లారాక రేడియేటరు మూత తీస్తే చుక్క నీరు లేదు. పైపు పగిలింది. తిరువూరు వెళ్లి కొత్తది తెచ్చి బిగించేసరికి మధ్యాహ్నమైంది. పదును పోకముందే తోట దున్నడం పూర్తయింది.

"ఇంకో ఆరు రాతలున్నాయి బావగారూ, అవీ చెప్పేద్దురూ," అన్నాడు మా వాడు వినయంగా.

"అలాగే. ముందు ఈ నీళ్ల అక్షరం పదిసార్లు రాయి."

నవ్వాడు. నేను నవ్వకుండా ఫోను చేతిలో పెట్టాను. సాయానికి అక్క వైపు చూశాడు. ఆవిడ మామిడిచెట్ల వైపు చూస్తోంది. గ్రీజు వేలు చొక్కాకు తుడుచుకుని, ట్రాక్టరు సీటు మీదే కూర్చుని మొదలెట్టాడు.

ఏడోసారికే ఫోను ఒప్పుకుంది. నేను పదీ రాయించాను.