మల్లేశంగారి ఉపన్యాసంలో మిగిలిన సగం

తెనాలిలో బండి ఎక్కేసరికి ఉదయం ఆరుంబావయింది. భుజానికి ఒక సంచి, అందులో ఒక జత బట్టలు, తెల్లకాగితాల పుస్తకం, రెండు పెన్నులు. వెళ్తున్నది హైదరాబాదు పడమటి కొసన ఉన్న నార్సింగికి, మల్లేశంగారి జీవితం రాసుకురావడానికి.

నా అంతట నేను పెట్టుకున్న ప్రయాణం కాదిది. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయినవాణ్ణి. రాష్ట్రం విడిపోకూడదని మావైపు ఉద్యమం నడిచిన రోజుల్లో మా ఊరి ఉద్యోగుల సంఘానికి కార్యదర్శిని. వక్తల్ని పిలవడం, పందిళ్లు, మైకులు అన్నీ నా చేతిమీదుగానే జరిగేవి. ఆ సంఘం ఇప్పుడొక సావనీరు వేస్తోంది. అధ్యక్షులు ప్రసాదరావుగారు నన్ను పిలిపించి, "తెలంగాణలో పుట్టి సమైక్యం కోసం నిలబడ్డ మనిషండీ ఆయన. నాలుగు పేజీలు మీరే రాయాలి. మీకంటే ఎవరికి తెలుసండీ?" అన్నారు. ఆ మాట నిజమే. అందుకే మూడు వారాలు ఏదో ఒక వంక చెబుతూ వచ్చాను.

గుంటూరు దాటాక ఇడ్లీ పొట్లం కొనుక్కున్నాను. చట్నీ పులిసిపోయింది, సగం పారేశాను. తొమ్మిదిన్నర ప్రాంతంలో పొందుగల వచ్చింది. తర్వాత కృష్ణ, అవతలి ఒడ్డున విష్ణుపురం. ఒకప్పుడు ఈ వంతెన మీద ఎవరూ తల ఎత్తి చూసేవారు కాదు. ఇప్పుడు మా పెట్టెలో ఒకాయన భార్యతో, "ఇక్కణ్నుంచి తెలంగాణండి" అని చూపిస్తున్నాడు. ఆవిడ ఒకసారి చూసి మళ్లీ ఫోన్‌లోకి వెళ్లిపోయింది. ఈ గీత పడకూడదనే కదా మేం నెలల తరబడి రోడ్ల మీద కూర్చున్నది అనిపించింది.

మిర్యాలగూడలో ఒక నడివయసు ఆమె ఎక్కి నా ఎదుట కూర్చుంది. హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పనట.

"ఏడికి పోతున్నరు సార్?"

"నార్సింగికమ్మా. మల్లేశంగారని, పాత ఎమ్మెల్యే ఆయన."

"ఎవలో ఎర్కలేదు సార్. లీడర్లు మస్తుమంది ఉంటరు" అని ఆమె టిఫిన్ డబ్బా విప్పి, అడక్కుండానే ఒక సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది.

లింగంపల్లిలో దిగేసరికి రెండు కావస్తోంది. వచ్చేవాళ్లకు ఒక మాట చెప్పాలి. స్టేషన్ బయట ఆటోవాళ్లు చెప్పే మొదటి రేటుకి ఎక్కకండి. గచ్చిబౌలి దాకా సిటీ బస్సులో వెళ్లి, అక్కణ్నుంచి ఆటో పట్టుకుంటే హాయి. నేనలాగే చేశాను. దారి పొడుగునా అద్దాల మేడలు, వాటి మెడల్లో గుర్తింపు కార్డుల్లా వేలాడే కంపెనీ బోర్డులు. నేను మొదటిసారి చూసినప్పుడు ఇక్కడ బండరాళ్లు, సీతాఫలం చెట్లు ఉండేవి.

ఆటో నడిపేవాడిది పాలమూరు వైపు. ముప్పయ్యేళ్లుంటాయి. మల్లేశంగారి పేరు చెప్పగానే వెనక్కి తిరిగాడు.

"గా ఆంధ్ర మల్లేశమా?"

"ఆయనది మెదక్ కదయ్యా?"

"అవ్ సార్. కని గట్లనే అంటరు. మంచోడే, మా అవ్వ పింఛన్ దరఖాస్తు ఆయినెనే రాసిచ్చిండు. ఉత్త పుణ్యానికే రాస్తడు. పేరు మాత్రం పోతలేదు."

నార్సింగి పాత ఊరు ఇంకా కొంచెం మిగిలి ఉంది. చుట్టూ ముప్పై, నలభై అంతస్తుల భవనాలు, నడుమ ఇరుకు సందులు. మధ్యాహ్నం మూడింటికే మల్లేశంగారి వాకిట్లోకి నీడ వచ్చేసింది. రెండు గదుల ఇల్లు. వాకిట్లో ఒక బల్ల, దాని మీద కాగితాల కట్టలు. ఆయన అక్కడే కూర్చుని ఎవరిదో దరఖాస్తు రాస్తున్నారు. డెబ్బై దాటాయి. జుట్టంతా తెల్లబడింది. ఎడమచేతి చూపుడువేలు సగం లేదు. ఆ వేలు చూశాకే ఆయనేనని నమ్మకం కుదిరింది.

నన్ను గుర్తుపట్టడానికి ఆయనకు క్షణం కూడా పట్టలేదు.

"ఏంది శేషగిరి సార్, ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

వచ్చిన పని చెప్పాను. నవ్వారు. "నా మీద పుస్తకమా? కూసో. సత్తెమ్మా, చాయ్ పెట్టు. తెనాలి సార్ వచ్చిండు."

ఆయన భార్య సత్తెమ్మగారు తలుపు దాకా వచ్చి, నన్నొకసారి చూసి లోపలికి వెళ్లిపోయారు.

టీ వచ్చేలోపు ఆయన చెప్పినదంతా రాసుకున్నాను. పదిహేడో ఏట మెదక్ పల్లె నుంచి బాలానగర్ వచ్చి ఒక చిన్న కార్ఖానాలో లేతు మీద చేరారు. ఇరవై రెండో ఏట రేకులు నొక్కే ప్రెస్సులో వేలు పోయింది. యజమాని నాలుగు రోజుల సెలవిచ్చి ఐదో రోజు పనిలోకి రమ్మన్నాడు. అప్పుడు మిషన్లు ఆపించింది ఇద్దరు. కుడి మిషన్ మీద సిద్దిపేటవాడు, ఎడమ మిషన్ మీద బొబ్బిలివాడు. వాళ్లిద్దరూ ఈయనా, ఈ ముగ్గురితో మొదలైన యూనియన్ జీడిమెట్ల దాకా పాకింది. కార్మికులే ఆయన్ని ఒకసారి అసెంబ్లీకి పంపారు. అక్కడ కూడా నూనె మరకల చొక్కాతో కూర్చున్నానని గర్వంగా చెప్పారు.

"రాష్ట్రం లొల్లి వచ్చినప్పుడు నా పార్టీ, నా ఊరు అందరు ఒక దిక్కున్నరు. నాకు గా బొబ్బిలోడు యాదికొచ్చిండు. గీత గీస్తే నా యూనియన్ ఏడికెల్లి తెగాలె? గందుకే కలిసుందాం అన్న."

ఇక్కడి దాకా నా పెన్ను ఆగలేదు. తర్వాత ఆయన, "ఇగ మీ తెనాలి సభ. రాసుకో సార్" అన్నారు. నేను రాయలేకపోయాను.

ఆ సభ సంగతి నాకు తెలిసినట్టుగానే ఇక్కడ చెబుతాను. మేం ఆయన్ని పిలిచింది ఆయన ఆలోచన కోసం కాదు, ఆయన యాస కోసం. తెలంగాణ బిడ్డే కలిసుందాం అంటున్నాడని లోకానికి చూపించాలి. వేదిక ఎక్కే ముందు ఆయన చెవిలో, "మెదక్ అనే మాట గట్టిగా అనండి" అని చెప్పింది నేనే. ఆయన అన్నారు. జనం ఈలలు వేశారు. కెమెరాలన్నీ ఆయన వైపు తిరిగాయి. అప్పుడాయన చెయ్యెత్తి జనాన్ని ఆపి, రెండో సగం మొదలుపెట్టారు.

"కలిసుండాలంటే మీరు సుత ఇడవాలె. మా నీళ్లు మాకియ్యాలె. మా పోరగాండ్ల కొలువులు మాకియ్యాలె. పట్నం మేమే కట్టినం అనుడు బంద్ వెట్టాలె..."

పందిరి ఒక్కసారిగా చల్లబడింది. మైకు మనిషి నా వైపు చూశాడు. నేను చెయ్యి కిందికి చూపించాను. మైకు ఆగింది. వెంటనే నినాదాలు ఇప్పించాను. నినాదాల మధ్యలో శాలువా కప్పించాను. ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రం టీవీల్లో వచ్చింది మొదటి సగమే.

"తీగ తెగిందని చెప్పిన్రు నాకు" అన్నారు మల్లేశంగారు. "తెగలే. నువ్వు చెయ్యి జూపింది నేను చూసిన సార్."

సత్తెమ్మగారు టీ గ్లాసులు బల్ల మీద పెట్టి అక్కడే నిలబడ్డారు. అప్పుడు మాట్లాడారు.

"గా సభ అయినంక నెల తిరగకముందే మా అత్త సచ్చిపోయింది. ఊరికి పోతే పొలిమేర కాడ్నే ఆపిండ్రు. ఈయన తమ్ముడే ముంగట నిలవడ్డడు. టీవీల సూసినం, నువ్వు అమ్మకు కొడుకువి గాదు అన్నడు. పెద్దకొడుకు ఈయన. కొరివి తమ్ముడు వెట్టిండు. మేమిద్దరం రోడ్డు మీద నిలవడి పొగ సూసినం."

"ఊరోళ్లను అనకు" అన్నారు ఆయన.

"అంటలేను. పిల్లలు పానాలు తీసుకుంటున్న రోజులవి. వాళ్ల కోపం వాళ్లది. ఈయన వాళ్ల దిక్కు సుత మాట్లాడిండని చెప్పెటోడు ఒక్కడు లేకపాయె. నీకు ఎన్నిసార్లు ఫోన్ చేసిండు అన్నా?"

చాలాసార్లు చేశారు. ఉద్యమం ఓడిపోయాక ఆయనకు పదవి లేదు, పార్టీ లేదు. ఏదైనా సాయం అడుగుతారేమోనని నేను ఎత్తలేదు. ఒకసారి తెనాలి వచ్చి మా ఇంటి తలుపు తట్టినప్పుడు, ఇంట్లో లేనని మా ఆవిడ చేత చెప్పించాను.

"ఏమడుగుదామని వచ్చారు?" అన్నాను.

"ఒక్క కాయితం సార్. మీ సంఘం ముద్ర వేసి. మల్లేశం ఇవి కూడా మాట్లాడిండు అని నాలుగు ముక్కలు. నా తమ్మునికి చూపించుకుందామని."

నేను పుస్తకం తెరిచి, అక్కడే కూర్చుని ఆ సభలో జరిగింది జరిగినట్టు రాశాను. మైకు ఆపించింది నేనేనని రాసి, కింద సంతకం పెట్టాను. చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మళ్లీ తానే చదివారు. 'ఉద్యోగాలు' అని నేను రాసినచోట కొట్టేసి 'కొలువులు' అని దిద్దారు.

"ఇది మీ తమ్ముడుగారికి నేనే తీసుకెళ్లి ఇస్తాను" అన్నాను.

"పోయిండు సార్. రెండేండ్లయింది. అప్పుడు సుత రానియ్యలే."

  నన్ను క్షమించమని అడిగాను.

"మాఫీ అడుగకు. మాఫీ చేస్తే నీకు నిద్ర వడ్తది. నాకేమొస్తది?" అన్నారు. కోపంగా అనలేదు. లెక్క అడిగినట్టు అన్నారు. నేను రాసిన కాగితం మాత్రం పుస్తకంలోంచి చించుకుని బల్ల మీది కట్టలో పెట్టుకున్నారు. రెండో ప్రతి నేను రాసుకున్నాను.

ఐదున్నరకు బస్టాపు దాకా వచ్చి దిగబెట్టారు. దారిలో ఒక కట్టడం దగ్గర పని వదిలారు. తలల మీద పసుపు టోపీలతో కూలీలు బయటికి వస్తున్నారు. ఒకడిది శ్రీకాకుళం మాట, ఒకడిది పాలమూరు మాట. ఇద్దరూ ఒకే సీసాలో నీళ్లు తాగుతున్నారు. మల్లేశంగారు వాళ్లను చూపించి, "కలిసే ఉన్నరు చూడు. ఇంత పైకెక్కి ఇటుక మోసెటందుకు ఎవ్వలు లొల్లి చెయ్యరు" అన్నారు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డారు గానీ చెయ్యి ఊపలేదు.

ఆ పూట లింగంపల్లి స్టేషన్ ఎదుట ఒక లాడ్జిలో దిగాను. గది చిన్నది, శుభ్రంగానే ఉంది. తెల్లవారి ఆరింటి బండికి సీటు దొరికింది. నల్లగొండ దగ్గర ప్రసాదరావుగారికి ఫోన్ చేసి రాసింది మొత్తం చదివి వినిపించాను.

"మొదటి సగం అద్భుతమండీ" అన్నారాయన. "ఆ రెండోది ఎందుకండి ఇప్పుడు? మన సంఘం పరువు, మీ పరువు కూడా. సావనీరులో నాలుగు మంచి మాటలుంటే బాగుంటుంది."

"మొత్తం వేస్తే వేయండి. లేకపోతే నాకు వద్దండి."

"మరి నాలుగు పేజీలు ఖాళీగా ఉండిపోతాయి కదండీ?"

"ప్రకటనలు వేసుకోండి" అని పెట్టేశాను. అలా అక్కడ అచ్చుకాని వ్యాసమే ఈ ప్రయాణంగా మీ ముందుకు వచ్చింది.

నేను చాలా ఊళ్లు తిరిగాను గానీ, ఇంత సిగ్గుతో ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు. రాష్ట్రం ఒక్కటిగా ఉండాలని నిజంగా కోరుకున్న మనిషిని నా జీవితంలో ఒక్కణ్నే చూశాను. ఆయన ఇరువైపులా ఉన్న మనుషులను ఒక్కటిగా చూశారు. మేం కోరుకున్నది హైదరాబాదును.

ఎవరైనా వెళ్లాలనుకుంటే దారి సులువే. గచ్చిబౌలిలో నార్సింగి ఆటో ఎక్కి పాత ఊళ్లో దిగి, ఆంధ్ర మల్లేశం ఇల్లెక్కడ అని అడగాలి. వేరే పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. పొద్దున పది తర్వాత వెళ్లండి, అప్పటికి దరఖాస్తుల జనం కొంచెం తగ్గుతారు. కూర్చోమంటారు, టీ ఇస్తారు. ఆయన మాట్లాడటం మొదలుపెడితే మాత్రం చివరిదాకా ఉండి వినండి.